చికిత్స కొరకు విదేశయానం: తిరుగు ప్రయాణం నుంచి వేయవలసిన లెక్క

పుదుచ్చేరి పట్టణానికి వాయవ్యంగా విస్తరించిన పేటలలో తట్టాంచావడి ఒకటి. తమిళంలో తట్టాన్ అంటే కంసాలి. చావడి అంటే ఏమిటో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు: బాటసారి మూట దించి, నీళ్ళు తాగి, ముందుదారి ఎటువంటిదో నలుగురిని అడిగి తెలుసుకొనే చోటు. నేడు అక్కడ పారిశ్రామికవాడ ఉంది, వ్యవసాయోత్పత్తుల మార్కెట్టు ఉంది. దానికి అతి సమీపంలోనే గోరిమేడు వద్ద జిప్మర్ అనే పేరుతో దక్షిణాదిన అందరూ ఎరిగిన జవాహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ ఉంది. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాలతో ఆరంభమై, 1956లో ధన్వంతరి వైద్య కళాశాలగా, 1964లో జిప్మర్‌గా రూపొంది, 2008లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన ఆసుపత్రి అది. అటువంటి ఆసుపత్రి పక్కనే నివసించే కుటుంబాలలో కూడా చికిత్స కొరకు విదేశం వెళ్ళాలనే ఆలోచన తలెత్తుతూ ఉండటం గమనింపదగిన విషయం.

దీనికి ఈ ప్రాంత చరిత్రలోనే కొంత కారణం కనిపిస్తుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒకచోట అతుక్కొని ఉన్న నేల కాదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరంలో, మాహే కేరళ తీరంలో, యానాం గోదావరి పాయ ఒడ్డున తెలుగు నేలలో ఉన్నాయి. యానాం నుంచి రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఉద్యోగరీత్యా, విద్యార్థులుగా, వైద్యం కొరకు ఆ దూరం దాటివచ్చి పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. 1962 ఆగస్టు 16న భారత, ఫ్రెంచి ప్రభుత్వాల మధ్య అప్పగింత ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, కోరినవారు ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనే వీలు కలిగింది. ఆ విధంగా ఇక్కడి పలు కుటుంబాలకు ఫ్రాన్సులో బంధువర్గం ఏర్పడింది. తక్కిన ఊళ్ళవారికి విదేశమంటే పటంలోని దేశం. ఇక్కడివారిలో చాలామందికి అది తమ్ముడి ఇల్లు, కూతురి అత్తవారిల్లు.

అటువంటి ఇల్లు ఒకటి తట్టాంచావడిలో ఉన్నదనుకుందాం. పారిశ్రామికవాడలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయనకు ఆయాసం, గుండెనొప్పి వచ్చాయి. పరీక్షలో హృదయ ధమనులు మూడుచోట్ల మూసుకుపోయినట్లు తేలింది. బైపాస్ శస్త్రచికిత్స అవసరమని వైద్యులు చెప్పారు. ప్యారిస్ సమీపంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఫోనులో ఆ మాట విన్న మరుక్షణం, ‘నాన్నను ఇక్కడికి పంపించండి’ అంటాడు. ఆ రాత్రే విమాన ఛార్జీల లెక్క మొదలవుతుంది. ప్రేమకు లోటు లేదు. లెక్క మాత్రం తప్పుచోట మొదలైంది.

మామూలు ప్రయాణానికి చేరవలసిన ఊరే గమ్యం. చికిత్సా యాత్రకు గమ్యం బయలుదేరిన ఇల్లే. రోగి కోలుకొని ఇంటికి చేరిన తరువాత ఆరు నెలలకు, ఏడాదికి ఆయన మందులు ఎవరు చూస్తారు, గాయం మానకపోతే ఏ తలుపు తట్టాలి, ఆ వైద్యుని చేతిలో ఏ కాగితం ఉండాలి అనే ప్రశ్నలకు ముందు జవాబు దొరకాలి. ఆ జవాబు నుంచి వెనక్కు నడుచుకుంటూ వస్తే టిక్కెట్టు కొనే రోజు చిట్టచివర తేలుతుంది. మనలో చాలామంది దానినే మొదట తేల్చుకుంటారు.

ఇక్కడ లేనిది ఏమిటి?

వెనుకటి కాలంలో ఈ ప్రశ్నకు జవాబు సులువు. పెద్ద వ్యాధి అంటే పెద్ద దేశం. 1984వ సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు హృదయ శస్త్రచికిత్స కొరకు అమెరికా వెళ్ళారు. అదే ఏడాది చివర తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్‌ను మద్రాసు నుంచి విమానంలో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ఆసుపత్రికి తరలించారు. అక్కడ ఆయనకు మూత్రపిండ మార్పిడి జరిగింది. పక్కపక్క రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఇద్దరూ ఒకే ఏడాది సముద్రాలు దాటవలసి రావటం ప్రజల మనస్సులో బలంగా నాటుకుపోయింది.

అయితే అప్పటికే ఈ దేశంలో మరొక కథ కూడా నడుస్తున్నది. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో మూత్రపిండ మార్పిడి 1971లోనే విజయవంతమైంది. మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ 1975లో దేశంలో తొలి బైపాస్ శస్త్రచికిత్స చేశారు. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రిని ఆరంభించారు. విదేశంలో శస్త్రచికిత్సకు డబ్బు కూడగట్టలేక ఒక యువ రోగి మరణించటమే దానికి ప్రేరణ అని ఆయన పలుమార్లు చెప్పారు. 1994 ఆగస్టులో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన వైద్య బృందానికి నాయకుడు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. తెలుగువాడు, మలయాళీ, పంజాబీ, బెంగాలీ ఒకే శస్త్రచికిత్సా మందిరంలో పనిచేసే చోట రోగి కులం, భాష ఏమిటని కత్తి అడగదు.

ఇప్పుడు ప్రవాహం ఎదురుతిరిగింది కూడా. గుండెలో రంధ్రాలు గల పాకిస్తానీ పసిపాప ఒకతె 2003లో లాహోరు నుంచి ఢిల్లీకి పునరుద్ధరించిన బస్సులో వచ్చి బెంగుళూరులో శస్త్రచికిత్స చేయించుకొని వెళ్ళిన సంగతి పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. విదేశీ రోగుల కొరకు భారత ప్రభుత్వం వైద్య వీసా, వారి వెంట వచ్చే సహాయకుల కొరకు వేరొక వీసా ఇస్తున్నది. ఆయుర్వేదాది స్వదేశీ చికిత్సల కొరకు వచ్చేవారికి 2023లో ఆయుష్ వీసా ప్రవేశపెట్టారు. పుదుచ్చేరిలోనే కాదు, యానాంలో సైతం 2024 ఫిబ్రవరిలో జిప్మర్ 90 పడకల బహుళ వైద్య విభాగాల కేంద్రం ప్రారంభమైంది.

అంటే మన పెద్దాయన బైపాస్ కొరకు సముద్రం దాటనక్కరలేదు. ఆ శస్త్రచికిత్స ఇంటికి దగ్గరలోనే జరుగుతుంది. చెన్నై, వెల్లూరు రైలు లేక బస్సు దూరంలోనే ఉన్నాయి. విదేశయానానికి నిజంగా కారణం కాగలవి వేరు: దేశంలో ఇంకా అందుబాటులోకి రాని కొన్ని జన్యు చికిత్సలు, అరుదైన వ్యాధులకు ప్రయోగదశలో ఉన్న ఔషధాలు, ప్రపంచంలో ఏ కొద్దిచోట్లనో మాత్రమే అనుభవం గల శస్త్రచికిత్సలు. కొడుకు చెంత ఉండి చికిత్స పొందాలనే కోరిక కూడా చిన్నదేమీ కాదు. కాని ఆ కోరికను తీర్చే మార్గం మరొకటి ఉన్నదేమో చూడాలి. ప్యారిస్ ఆసుపత్రి బిల్లులో కొద్ది భాగంతో కుమారుడే నెల రోజులు సెలవు పెట్టి తట్టాంచావడికి రావచ్చు.

ఏ చోట అయినా సరే, వెళ్ళకముందే దూరవైద్య పద్ధతిలో ఆ దేశపు నిపుణుని అభిప్రాయం తీసుకోవటం ఇప్పుడు సాధ్యం. ఇక్కడి వైద్యుడు ఒక మాట, అక్కడి నిపుణుడు అదే మాట చెబితే ప్రయాణం అనవసరమని తేలుతుంది. భిన్నంగా చెబితే ఎందుకో అడగాలి. ఏ వ్యాధికైనా మూలకణాలతో మందు ఉన్నదని, ముందుగా డబ్బు పంపమని చెప్పే సంస్థలను మాత్రం దూరంగా ఉంచటం మేలు. అవయవాలు ‘దొరుకుతాయి’ అని చెప్పే దళారీల మాట వినటం అంతకంటె ప్రమాదకరం. మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం అవయవాలను కొనటం, అమ్మటం నేరం. అవయవాల వ్యాపారం, ఆ వ్యాపారం కొరకు సాగే ప్రయాణాలు కూడదని 2008లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ వైద్య నిపుణులు ప్రకటించారు. అలా కొన్న మూత్రపిండంతో తిరిగి వచ్చినవానికి దాత ఎవరో, ఏ పరీక్షలు జరిగాయో చెప్పే కాగితం ఉండదు. జీవితాంతం మందులు చూడవలసిన ఇక్కడి వైద్యుడు చీకటిలో తడుముకోవలసి వస్తుంది.

కాగితాల భాష

వెళ్ళటమే నిశ్చయమైతే మొదట సిద్ధం చేయవలసినవి రోగి కాగితాలు. సంచీ నిండా రిపోర్టులు కాదు. రోగచరిత్ర వరుసగా చెప్పే ఒక పుట. ఎప్పుడు మొదలైంది, ఏ పరీక్షలో ఏమి తేలింది, ఏ మందులు ఎంత మోతాదులో వాడుతున్నారు, ఏ మందు పడదు. స్కానింగు చిత్రాలను రిపోర్టుతో సరిపెట్టుకోకుండా డిస్కులో తీసుకోవాలి. క్యాన్సరు రోగి అయితే కణజాల పరీక్ష నివేదిక ఒక్కటే చాలదు. మైనంలో భద్రపరచిన ఆ కణజాలపు దిమ్మను, గాజు పలకలను కూడా మొదటి ఆసుపత్రి నుంచి అడిగి తీసుకువెళ్ళాలి, ఎందుకంటే రెండవ ఆసుపత్రివారు సొంతంగా పరీక్షించనిదే చికిత్స మొదలుపెట్టటం అరుదు. ఇది తెలియక సగం దారిలో మళ్ళీ సూదితో గుచ్చి కణజాలం తీయించుకొనే రోగులు ఉంటారు.

మందుల పేర్ల విషయంలో పొరపాటు మరీ సులువు. మన దుకాణంలో అడిగే పేరు కంపెనీ పెట్టిన పేరు. ఆ పేరు మరొక దేశపు దుకాణదారునికి అర్థం కాదు. లోపలి ఔషధం పేరు రాయించుకోవాలి. అందులోనూ ఒక తిరకాసు ఉంది. మనం, ఐరోపావారు పారాసెటమాల్ అనే ఔషధాన్నే అమెరికావారు ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ వేరనుకొని రెండూ మింగితే కాలేయానికి హాని.

అంకెలు అన్ని దేశాలలో ఒకటే అనుకోవటం మరొక భ్రమ. మన ప్రయోగశాల చక్కెర 180 అని రాస్తే అది డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్క. అదే రక్తాన్ని బ్రిటనులో పరీక్షిస్తే 10 అని, ఫ్రాన్సులో లీటరుకు గ్రాముల లెక్కన 1.80 అని వస్తుంది. మూడూ ఒకటే. పెద్దాయన పక్కన కూర్చున్న అన్నగారు 10 అంకె చూసి చక్కెర పడిపోయిందని మిఠాయి పెట్టకుండా ఉండాలంటే ఈ సంగతి ముందే తెలియాలి. తేదీల సంగతీ అంతే: 5-6 అని రాస్తే ఇండియాలో జూన్ అయిదు, అమెరికాలో మే ఆరు. తిరిగి పరీక్షకు రావలసిన రోజు నెల రోజులు జరిగిపోవటానికి ఇది చాలు. నెల పేరును అక్షరాలలో రాయించుకోవటం తేలికైన నివారణ.

వీటన్నిటికంటె సున్నితమైనది మాటల అనువాదం. శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు చెప్పేది విని రోగి అంగీకార పత్రంపై సంతకం పెట్టాలి. ఫ్రెంచిలో చెప్పినది కుమారుడు తండ్రికి తెలుగులో చెబుతాడు. వైద్యుడు ‘మరణించే అవకాశం వందకు ఇంత’ అన్నప్పుడు, ఏ కుమారుడు ఆ మాటను యథాతథంగా తండ్రి ముఖం చూసి చెప్పగలడు? ‘ఏమీ ఫరవాలేదంటున్నారు’ అని అనువదిస్తాడు. ఇది అబద్ధం కాదు, మమకారం. కాని సంతకం మాత్రం రోగికి తెలియని విషయం మీద పడుతుంది. ఎదుటి దిశలోనూ ఇదే తంటా. ‘గుండె దడదడలాడుతున్నది’, ‘గుండె పట్టేస్తున్నది’, ‘గుండెల్లో మంట’ అనే మూడు తెలుగు మాటలు మూడు వేరువేరు లక్షణాలు. మూడింటినీ గుండెనొప్పి అనే ఒకే మాటలోకి మార్చితే వైద్యుడు మూడు దారుల్లో సరైన దాన్ని ఎలా ఎంచుకోగలడు? అందుచేత ఇంట్లోవారు తోడుగా ఉంటూనే, అంగీకార పత్రం విషయంలో మాత్రం ఆసుపత్రి ఏర్పాటు చేసే దుబాసీని కోరటం మంచిది. తెలుగు దుబాసీ దొరకని చోట తమిళం తెలిసినవారు దొరకవచ్చు; దశాబ్దాలుగా పుదుచ్చేరిలో ఉన్న పెద్దాయనకు ఆ తమిళం చాలును.

అనుమతి, ధనం

ఫ్రాన్సు మొదలైన షెంజెన్ దేశాలకు స్వల్పకాలిక వీసాతో ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండటానికి వీలులేదు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల లోపు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయం సాధారణంగా 15 రోజులలో వచ్చినా, విచారణ అవసరమైతే 45 రోజుల వరకు పట్టవచ్చు. చికిత్స కొరకు వెళ్తున్నామని దాచి, బంధువులను చూడటానికి అని రాయటం కొందరికి తెలివిగా తోస్తుంది. దాని ఫలితం విమానాశ్రయంలోనో, ఆసుపత్రి లెక్కల గదిలోనో బయటపడుతుంది. చికిత్సకే అని రాస్తే అక్కడి ఆసుపత్రి చేర్చుకుంటామని ఇచ్చిన పత్రం, ఖర్చు అంచనా, ఆ సొమ్ము చెల్లించే ఏర్పాటుకు రుజువు అడుగుతారు. అడగటమే మంచిది; ఆ అంచనా చేతికి వచ్చినప్పుడే కుటుంబానికి నిజమైన అంకె తెలుస్తుంది.

షెంజెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దానితో శస్త్రచికిత్స జరిగిపోతుందనుకొనేవారు ఉన్నారు. ఆ బీమా ప్రయాణంలో అనుకోకుండా వచ్చే ఆపదకే గాని, ముందే తెలిసిన జబ్బుకు ముందే నిశ్చయించిన చికిత్సకు వర్తించదు. ఇక్కడి ఆరోగ్య బీమాలలో అధిక భాగం దేశంలోపలి చికిత్సకే పరిమితం. పాలసీ కాగితంలో చిన్న అక్షరాలు చదివే ఓపిక ఈ సందర్భంలో ఎంతైనా అవసరం.

డబ్బు పంపటానికి మన దేశపు నిబంధనలు ఉదారమైనవే. భారతీయ రిజర్వు బ్యాంకు 2004లో ప్రవేశపెట్టిన పథకం కింద వ్యక్తి ఏడాదికి 2,50,000 అమెరికా డాలర్ల వరకు బ్యాంకు ద్వారా పంపవచ్చు. వైద్యం ఖర్చు అంతకు మించితే ఆసుపత్రి అంచనా పత్రాన్ని చూపి అధిక మొత్తం పొందే వీలుంది. రోగి వెంట వెళ్ళే సహాయకుని ఖర్చు కూడా గుర్తించిన వ్యయాలలో ఉంది. ఒక పరిమితి దాటిన మొత్తంపై బ్యాంకు వసూలు చేసే పన్ను, తరువాత ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటవుతుంది. అయినా ఆ సొమ్ము ముందుగా చేతిలో ఉండాలి.

అంచనా పత్రంలో కనిపించని ఖర్చులే కుటుంబాలను కుంగదీస్తాయి. సహాయకుని వసతి, వాయిదా పడిన శస్త్రచికిత్స వలన పెరిగిన రోజులు, గాయం చీము పట్టితే రెండవసారి ఆసుపత్రి, మారే మారకపు విలువ. మరొకటి కూడా ఉంది. విదేశంలో రోగి మరణిస్తే దేహాన్ని తెప్పించటానికి అక్కడి మరణ ధ్రువపత్రం, దేహాన్ని భద్రపరచినట్లు పత్రం, భారత రాయబార కార్యాలయం అనుమతి కావాలి. విమానపు ఖర్చు వేరు. ప్రయాణానికి ముందు ఈ మాట ఎత్తటం అశుభమని మన ఇళ్ళలో నోరు మూయిస్తారు. కాని ఎవరు సంతకం పెట్టాలి, అంత్యక్రియలు ఎక్కడ జరగాలని పెద్దాయన కోరుకుంటున్నారు అన్నది ఆయన నోటనే విని ఉంచుకున్న కుటుంబానికి ఆ రోజున ఒక భారమైనా తగ్గుతుంది.

ఆకాశం, ఆపైన ఇల్లు

విమానం లోపలి గాలి నేలమీది గాలి కాదు. ఎత్తున ఎగిరేటప్పుడు లోపలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీది పీడనంతో సమానం. ఆరోగ్యవంతునికి తెలియకపోవచ్చు, గుండె, ఊపిరితిత్తులు బలహీనపడినవారికి ఆయాసం పెరుగుతుంది. ప్రాణవాయువు అవసరమైతే సొంత సిలిండరు తీసుకుపోనివ్వరు; విమాన సంస్థకు ముందే తెలిపి, వైద్యుడు నింపిన పత్రం ఇచ్చి అనుమతి పొందాలి. రొమ్ము లేక పొట్ట శస్త్రచికిత్స జరిగిన తరువాత కనీసం 10 రోజులైనా ఆగిగాని విమానం ఎక్కరాదని నిపుణుల సలహా. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి ఎక్కువ. బైపాస్‌లో కోసి కలిపిన రొమ్ము ఎముక అతుక్కోవటానికి వారాలు పడుతుంది గనుక పెట్టె ఎత్తే పని సహాయకునిదే. ఒంటరిగా తిరిగి వచ్చే ఏర్పాటు ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు.

ఆసుపత్రులతో పాటు ప్రయాణించేది మరొకటి ఉంది: మందులకు లొంగని సూక్ష్మజీవులు. గత ఏడాదిలో విదేశీ ఆసుపత్రిలో చేరినవారిని ఫ్రాన్సు ఆసుపత్రులు ప్రవేశ సమయంలోనే పరీక్షించి, అవసరమైతే వేరుగదిలో ఉంచుతాయి. ఇది అవమానమని బాధపడనక్కరలేదు. తిరిగి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో చేరవలసి వచ్చినప్పుడు మనవారు కూడా ఆ విషయం తమంతట తామే చెప్పాలి.

ఆసుపత్రి విడిచే రోజున ఇంటికి వెళ్తున్నామనే సంతోషంలో మరచిపోయే కాగితాలు మూడు. చికిత్స సారాంశం, శస్త్రచికిత్స ఎలా జరిగిందో తెలిపే వివరణ, శరీరంలో అమర్చిన పరికరం ఏదైనా ఉంటే దాని గుర్తింపు కార్డు. మొదటి రెండూ ఇంగ్లీషులో కావాలని ఆసుపత్రి విడువకముందే అడగాలి. అడిగితే వారంలో ఇస్తారు. ఇంటికి చేరాక ఉత్తరాలు రాస్తే ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. అక్కడ రాసిన మందులు ఇక్కడ దొరుకుతాయా, దొరకకపోతే బదులు ఏది అన్నది కూడా అక్కడి వైద్యునితోనే రాయించాలి.

ఉదాహరణకు పెద్దాయనకు మూసుకున్న ధమనులతో పాటు కవాటం కూడా చెడి, లోహపు కవాటం అమర్చారనుకుందాం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు ఆయన జీవితాంతం వాడాలి. మోతాదు తగ్గితే కవాటంపై గడ్డ, పెరిగితే రక్తస్రావం. అందుకని నిర్ణీత వ్యవధిలో రక్తపరీక్ష చేసి మోతాదు సవరిస్తూ ఉండాలి. ఆకుకూరలలోని ‘కె’ విటమిను ఈ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది; ఆకుకూర మానమని కాదు, రోజూ తినే పరిమాణం ఉన్నట్టుండి మార్చకూడదని అర్థం. ఫ్రెంచి ఆసుపత్రి ఇచ్చే ఆహార పట్టికలో పాలకూర ఉంటుంది, క్యాబేజీ ఉంటుంది. యానాం నుంచి చుట్టాలు తెచ్చే గోంగూర, పెరటి తోటకూర ఉండవు. ఆ పట్టికను తన వంటింటికి అన్వయించి చెప్పగలిగేది గోరిమేడులో వారం తప్పకుండా తన రక్తపరీక్ష చూసే వైద్యుడే. ఆయనతో మాట్లాడి, ఏ విభాగంలో, ఏ వారం నుంచి, ఎవరి వద్ద పరీక్షకు రావాలో ప్రయాణానికి ముందే రాయించుకొని పెట్టుకున్న చీటీ పాస్‌పోర్టుతో పాటు అదే సంచీలో ఉండాలి.